పాదాల ఫొటోలు ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నారా? పేరు బయటపడకుండా, డబ్బు పోకుండా ఉండాలంటే ఇవి చూసుకోండి

ముందే ఒక మాట చెప్పేసి మొదలుపెడతాను. 18 ఏళ్ళు నిండని వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఇక్కడితో ఆపేయండి, ఇది మీకోసం కాదు. పాదాలే కదా అందులో ఏముంది అని వాదించడం తేలికే గానీ కొనేవాళ్ళు ఎందుకు కొంటారో అందరికీ తెలిసిందే, అందుకే పేరున్న సైట్లు వయసు ప్రూఫ్ చూపించందే అమ్మనివ్వవు. అలాగే మీరుండే చోట చట్టం ఇలాంటి అమ్మకాల గురించి ఏమంటుందో, మీ ఉద్యోగం కాంట్రాక్టులో పక్క సంపాదన మీద ఏమైనా రూల్ ఉందో కూడా మొదటి ఫొటో తీయకముందే చూసుకోండి.

ఇక అసలు సంగతి. ఈ పనిలో భయం ఒకచోట ఉంటుంది, దెబ్బ ఇంకోచోట తగులుతుంది. "నా కాళ్ళు చూసి తెలిసినవాళ్ళు ఎవరైనా గుర్తుపట్టేస్తారేమో" అనేదే అందరి భయం. ఉత్త పాదం చూసి మనిషిని గుర్తుపట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? గుట్టు రట్టయ్యేది ఫొటోతో పాటు తెలియకుండా వెళ్ళిపోయే వివరాల వల్ల, డబ్బు వచ్చే దారిలో కనిపించే అసలు పేరు వల్ల, చాటింగ్‌లో మాటల మధ్య జారిపోయిన చిన్న ముక్క వల్ల. ఇంకో సంగతి కూడా ఉంది, "కొంటాను" అని మెసేజ్ పెట్టేవాళ్ళందరూ కొనేవాళ్ళు కాదు, వాళ్ళలో చాలామందికి మీ ఫొటోలతో పనే లేదు, మీ దగ్గరున్న డబ్బే కావాలి. ఈ రెండూ బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పేదంతా సులువుగానే అర్థమవుతుంది.

సంపాదన గురించి ఒక్క ముక్క. నెలకి లక్షలు వస్తున్నాయి అని వీడియోలు పెట్టేవాళ్ళలో చాలామంది అమ్మేది ఫొటోలు కాదు, కోర్సు. లేదంటే ఏదో సైట్ రిఫరల్ లింకు. మొదట్లో ఏమీ రాకపోవడం, వచ్చినా చిల్లర రావడం మామూలే, దీన్ని నమ్ముకుని అద్దె కట్టాలని ప్లాన్ చేసుకోకండి. ఎందుకు చెప్తున్నానంటే డబ్బు అర్జెంటుగా కావాల్సిన మనిషే ఈ మోసాలకి ముందు దొరుకుతుంది, ఆ అర్జెంటు మాటల్లో తెలిసిపోతుంది, అవతలివాడు దాన్నే పట్టుకుంటాడు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి అంటే ఫొటో దగ్గర కాదు, పేరు దగ్గర. ఈ పనికంటూ ఒక కొత్త పేరు పెట్టుకోండి, మీ ముద్దు పేరు కాదు, ఇంటి పేరు ముక్క కాదు, పుట్టిన సంవత్సరం తోక తగిలించింది కాదు, పదేళ్ళ కింద గేమ్‌లోనో ఇంకెక్కడో వాడిన యూజర్‌నేమ్ అసలే కాదు. ఒక యూజర్‌నేమ్ ఇస్తే అది ఏయే సైట్లలో ఉందో ఒక్క నిమిషంలో వెతికి చూపించే టూల్స్ ఫ్రీగానే దొరుకుతాయి, కాబట్టి మీరు మర్చిపోయిన పాత అకౌంట్ కూడా వెతికేవాళ్ళకి దొరుకుతుంది. ఆ పేరు మీద కొత్త ఈమెయిల్, దానికి వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్, దాని మీద టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగేలా. ఈ కోడ్ ఎస్ఎంఎస్‌లో వచ్చేలా కాకుండా ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చేలా పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే మీ నంబర్ మీద వేరే సిమ్ తీసుకుని ఎస్ఎంఎస్‌లు కాజేసే మోసం ఒకటి ఉంది.

చాలామంది మర్చిపోయేది కాంటాక్ట్స్ సింక్. కొత్త ఇన్‌స్టా అకౌంట్ తెరిచేటప్పుడు "మీ కాంటాక్ట్స్ చూడొచ్చా" అని అడుగుతుంది, అలవాటు కొద్దీ ఓకే నొక్కేస్తాం, అంతే, రేపట్నుంచి మీ పిన్నికీ, పాత మేనేజర్‌కీ "వీళ్ళు మీకు తెలిసి ఉండొచ్చు" అని మీ కొత్త అకౌంట్ చూపించే అవకాశం ఉంటుంది. కాబట్టి కాంటాక్ట్స్ పర్మిషన్ ఇవ్వకండి, మీ సొంత నంబర్‌తో రిజిస్టర్ చేయకండి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అకౌంట్ సజెషన్స్ ఆపేయండి. టెలిగ్రామ్ వాడితే ప్రైవసీలో ఫోన్ నంబర్ ఎవరికీ కనిపించకుండా పెట్టండి, దాని కిందే "నా నంబర్ ఉన్నవాళ్ళు నన్ను వెతకొచ్చా" అనే ఆప్షన్ ఇంకొకటి ఉంటుంది, అది కూడా మార్చాలి, మొదటిది ఒక్కటే మార్చి సరిపోయిందనుకుంటారు.

ఇప్పుడు ఫొటో. తీశాక వెంటనే పంపకుండా పెద్ద స్క్రీన్ మీద పెట్టి మూల మూలకీ జూమ్ చేసి చూడండి, పాదాన్ని కాదు, పాదం చుట్టూ ఉన్నదాన్ని. కిటికీ లోంచి కనిపించే ఎదురు బిల్డింగ్ బోర్డు, టేబుల్ మీద పార్శిల్ డబ్బా మీద అతికించిన అడ్రస్ స్టిక్కర్, వైఫై రూటర్ వెనక రాసి ఉన్న పాస్‌వర్డ్, గోడకి ఫ్యామిలీ ఫొటో, టీవీ నల్ల స్క్రీన్‌లో మీ ముఖం, స్టీల్ గిన్నె మీద వంకరగా పడిన గది మొత్తం. నిగనిగలాడే గ్రానైట్ నేల కూడా అద్దం లాంటిదే. అతి జాగ్రత్త అనిపిస్తోందా? 2019లో జపాన్‌లో ఒక పాప్ సింగర్ మీద దాడి చేసినవాడు ఆమె ఇల్లు ఎలా కనిపెట్టాడంటే, ఆమె పెట్టిన సెల్ఫీలో కంటిపాపలో పడిన ప్రతిబింబం చూసి అది ఏ రైల్వే స్టేషనో గూగుల్ స్ట్రీట్ వ్యూలో పోల్చి పట్టుకున్నాడు, అక్కడ కాపు కాసి ఆమె వెంట ఇంటిదాకా వెళ్ళాడు, పోలీసుల దగ్గర అదే చెప్పాడు. కంటిపాపలోదే దొరికినప్పుడు టీవీ స్క్రీన్‌లోది దొరకదా.

అందుకే ఇంట్లో తీసినా ఒకటే మూల పెట్టుకుని, వెనక ఏ డిజైనూ లేని ఒక ప్లెయిన్ దుప్పటి పరిచి తీయడం ఉత్తమం. ఆ దుప్పటి కూడా ఈ పనికే ఉంచుకోండి, ఎందుకంటే అదే పూల దుప్పటి మీద కూర్చుని మీరు పండక్కి దిగిన ఫొటో మీ సొంత అకౌంట్‌లో ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. టాటూ ఉంటే, పుట్టుమచ్చ ఉంటే, ఏదైనా దెబ్బ మచ్చ ఉంటే కవర్ చేయండి లేదా ఆ యాంగిల్ వదిలేయండి. రోజూ పెట్టుకునే మెట్టెలు, పట్టీలు తీసేసి వేరేవి పెట్టుకోండి, నెయిల్ పాలిష్ కూడా అంతే, ఫొటో తీసిన రంగుతోనే పెళ్ళికెళ్ళి స్టేటస్ పెట్టకండి. చేతివేళ్ళు ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకుంటే ఇంకా మంచిది, 2017లో జపాన్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మాటిక్స్ పరిశోధకులు దాదాపు 3 మీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోలోంచి కూడా వేలిముద్ర తీయొచ్చని చూపించారు. మీ వేలిముద్ర ఎవరో రేపే దొంగిలిస్తారని కాదు గానీ, చేతులకి ఉంగరాలుంటాయి, గోరింటాకు ఉంటుంది, అవి ముఖం కన్నా ముందు గుర్తుపట్టేస్తారు మనవాళ్ళు.

ఇంకోటి, ఇప్పటికే మీ సొంత అకౌంట్‌లో బీచ్‌లో కాళ్ళు చాపి దిగిన ఫొటో ఉంది కదా, అది బాగుంది కదా అని అమ్మకానికి పెట్టొద్దు. గూగుల్ లెన్స్, టిన్‌ఐ లాంటి ఫొటోతో ఫొటోని వెతికే వాటిలో ఆ ఫొటో వేస్తే నెట్‌లో బయటికి కనిపించే పాత కాపీ దొరికిపోవచ్చు. అమ్మేది ఎప్పుడూ కొత్తగా తీసిందే అయి ఉండాలి, అమ్మింది ఎప్పుడూ సొంత అకౌంట్‌లోకి రాకూడదు. మీరే అప్పుడప్పుడూ మీ ఫొటోలు వేసి వెతికి చూసుకోండి, ఎక్కడెక్కడ తేలుతున్నాయో తెలుస్తుంది.

కంటికి కనిపించనిది ఒకటుంది, ఫొటో ఫైల్ లోపల దాగి ఉండే డేటా, ఎగ్జిఫ్ అంటారు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే మీరు ఎక్కడ నిల్చుని తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏ మోడల్ ఫోన్‌తో తీశారో అన్నీ అందులో రాసి ఉంటాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో ప్రైవసీ, లొకేషన్ సర్వీసెస్, అందులో కెమెరాకి వెళ్ళి నెవర్ అని పెట్టాలి, ఆండ్రాయిడ్‌లో అయితే కెమెరా యాప్ సెట్టింగ్స్‌లోనే లొకేషన్ ట్యాగ్ అని ఉంటుంది ఆపేయండి. ఇది ఇకముందు తీసేవాటికే, పాతవాటిలో ఉన్నది అలాగే ఉంటుంది. చాలామంది "నేను వాట్సాప్‌లో పంపుతా, అది డేటా తీసేస్తుంది" అంటారు, నిజమే, మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ గానీ టెలిగ్రామ్ గానీ తీసేస్తాయి. కానీ కొనేవాడు "క్వాలిటీ తగ్గింది, డాక్యుమెంట్‌గా పంపు" అంటాడు, మీరు పంపుతారు, డాక్యుమెంట్‌గా పంపితే ఏదీ పోదు, లొకేషన్‌తో సహా ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఈమెయిల్ అటాచ్‌మెంట్ అయినా అంతే. సులువైన మార్గం కావాలంటే ఫొటోని స్క్రీన్ నిండా తెరిచి స్క్రీన్‌షాట్ తీసి అది పంపండి, క్వాలిటీ కొంచెం తగ్గుతుంది గానీ లొకేషన్ అందులోకి రాదు. క్వాలిటీ కావాలంటే కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అని ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, అది మొత్తం తుడిచేస్తుంది. తుడిచాక ఒకసారి ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి కళ్ళారా చూసుకోండి.

శాంపిల్‌గా చూపించే ఫొటోలు చిన్న సైజులో, మధ్యలో అడ్డంగా మీ అమ్మకం పేరు వాటర్‌మార్క్ వేసి పెట్టండి, మూలలో వేస్తే కత్తిరించి పారేస్తారు. ఒక్కొక్కరికి అమ్మే ఫొటోలో కొన్నవాడి యూజర్‌నేమ్ సన్నగా ఎక్కడో వేస్తే తర్వాత అది బయట తిరిగినప్పుడు ఎవడు పంచాడో తెలుస్తుంది. కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఒకసారి చేయి దాటిపోయిన ఫొటో మీద మీ పెత్తనం దాదాపు ఉండదు. వేరే సైట్‌లో మీ ఫొటోలు దొంగతనంగా కనిపిస్తే కాపీరైట్ కంప్లైంట్ ఇచ్చి తీయించొచ్చు, అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం కింద పెద్ద సైట్లన్నిటిలో అలాంటి ఫారం ఉంటుంది, ఫొటో తీసినవాళ్ళదే కాపీరైట్ కాబట్టి మీరు అడగొచ్చు. అయితే ఆ ఫారంలో అసలు పేరు, కాంటాక్ట్ వివరాలు అడుగుతారు, అవి అవతలివాడి దాకా వెళ్ళే అవకాశం ఉంది, అది తెలిసి నింపండి.

ఎక్కడ అమ్మాలి అంటే, నా మాట అయితే డీఎంలలో (ప్రైవేట్ మెసేజ్‌లలో) బేరాలకన్నా వెరిఫికేషన్ ఉన్న సైట్ మేలు. డబ్బు కట్టినవాళ్ళకే ఫొటోలు, వీడియోలు చూపించే ఓన్లీఫ్యాన్స్ లాంటిది మీ సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది, పాదాల ఫొటోల కోసమే ఉన్న ఫీట్‌ఫైండర్ అమ్మేవాళ్ళ దగ్గరే సబ్‌స్క్రిప్షన్ డబ్బులు తీసుకుంటుంది, చూడ్డానికి నష్టంలా ఉంటుంది గానీ ఆ డబ్బుకి ఒక పని జరుగుతుంది, కొనేవాడికి మీ అసలు పేరు, బ్యాంకు వివరాలు కనిపించవు. ఐడీ కార్డు అప్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం అడ్రస్ బార్‌లో సైట్ పేరు అక్షరం అక్షరం చదవండి, ఎవడో పంపిన లింకు నొక్కి వెళ్ళొద్దు, మీరే టైప్ చేసి వెళ్ళండి. కొనేవాడు గానీ "ఏజెంట్" అనేవాడు గానీ ఐడీ అడిగితే ఇచ్చే ప్రసక్తే లేదు.

సైట్ బయట అమ్మితే అసలు చిక్కు డబ్బు దగ్గరే. ఆన్‌లైన్ పేమెంట్ సర్వీస్ పేపాల్‌లో పర్సనల్ అకౌంట్‌కి డబ్బు వేయించుకుంటే పంపినవాడికి మీ అసలు పేరు, ఈమెయిల్ కనిపిస్తాయి, అప్పటిదాకా పెట్టుకున్న కొత్త పేరు, దుప్పటి, మెట్టెలు మార్చడం అన్నీ ఆ ఒక్క రసీదుతో గాల్లో కలిసిపోతాయి. బిజినెస్ అకౌంట్ అయితే బిజినెస్ పేరు కనిపిస్తుంది. కానీ పేపాల్ రూల్స్‌లో సెక్సువల్ కంటెంట్ అమ్మకాల మీద ఆంక్షలు ఉన్నాయి, మీవి ఉత్త పాదాలే అని మీరంటారు, వాళ్ళు అలా అనుకోకపోతే అకౌంట్ ఆపేసి అందులో ఉన్న డబ్బు 180 రోజుల దాకా పట్టి ఉంచొచ్చు. కొన్నవాడు కూడా డబ్బు కట్టిన 180 రోజుల లోపు డిస్ప్యూట్ (డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేయొచ్చు, ఫొటోలు వాడి దగ్గరే ఉంటాయి, డబ్బు వెనక్కి పోతుంది. క్రెడిట్ కార్డుతో కట్టి తర్వాత బ్యాంకుకి ఫోన్ చేసి "ఇది నేను కట్టలేదు" అనేవాళ్ళూ ఉన్నారు. అందుకని వచ్చిన డబ్బు వచ్చినట్టే ఖర్చు పెట్టేయకుండా కొంత పక్కన ఉంచుకోండి, పెద్ద ఆర్డర్‌ని ముక్కలుగా అమ్మండి. గిఫ్ట్ కార్డులు తీసుకుంటే పేరు బయటపడదు నిజమే, కాకపోతే దొంగిలించిన క్రెడిట్ కార్డుతో కొన్నదైతే వాడకముందే బ్లాక్ కావచ్చు.

మోసం ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూద్దాం, ఎందుకంటే ఇది దాదాపు ఒకే స్క్రిప్ట్. మొదటి మెసేజ్ "హాయ్ డియర్, నీ పాదాలు చాలా బాగున్నాయి, వారం వారం డబ్బు పంపిస్తాను." మీరింకా రేటే చెప్పలేదు, వాడే మామూలు రేటుకి మూడు నాలుగింతలు చెప్తాడు. ఏ ఫొటో కావాలి, ఎలా కావాలి అని అడగడు, అక్కడే అనుమానం రావాలి, నిజంగా కొనేవాడు ముందు దాని గురించే అడుగుతాడు. రెండో మెసేజ్‌లో "డబ్బు వేస్తాను, ఈమెయిల్ ఇవ్వు". ఇస్తారు. పది నిమిషాల్లో ఒక స్క్రీన్‌షాట్, "పంపేశాను చూసుకో". వెంటనే మీ ఇన్‌బాక్స్‌లో పేమెంట్ కంపెనీ లోగోతో మెయిల్, "మీకు డబ్బు వచ్చింది, కానీ మీ అకౌంట్ పర్సనల్ కాబట్టి హోల్డ్‌లో ఉంది, పంపినవారు అదనంగా కొంత పంపితే అకౌంట్ అప్‌గ్రేడ్ అవుతుంది, ఆ అదనపు మొత్తం మీరు వారికి తిరిగి పంపాలి." ఈలోగా వాడు "అదనంగా పంపేశాను, నా డబ్బు నాకు ఇచ్చెయ్, గిఫ్ట్ కార్డు కొని నంబర్ పంపినా చాలు" అంటాడు. మీరు ఆలోచిస్తుంటే "నన్ను మోసం చేస్తున్నావా, పోలీసులకి చెప్తా" అని గొంతు పెంచుతాడు. అంతా అబద్ధమే, ఆ మెయిల్ రాసింది వాడే, లోపల మీకొచ్చింది సున్నా, మీ జేబులోంచి పోయేదే నిజం డబ్బు. ఇలా అసలుకే ఎసరు పెడతారు. చేయాల్సింది ఒక్కటే, మెయిల్‌లో లింకు నొక్కకుండా, స్క్రీన్‌షాట్ నమ్మకుండా, మీ యాప్ మీరే తెరిచి బ్యాలెన్స్ చూడటం. అక్కడ లేకపోతే రానట్టే. ఉన్నా సరే, "ఎక్కువ పంపాను, తేడా వెనక్కి ఇవ్వు" అంటే మీరుగా కొత్తగా ఎక్కడికీ పంపకండి, వచ్చిన పేమెంట్ మీదే రీఫండ్ కొట్టండి.

దీని చుట్టాలు ఇంకా ఉన్నాయి. "నువ్వు నిజమైన మనిషివో కాదో చూస్తా, నీ ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పు" అనేవాడు మీ నంబర్‌తో అకౌంట్ తెరుస్తున్నాడో మీ అకౌంట్‌లోకే దూరుతున్నాడో. "నాకు కావల్సిన పోజులు ఈ ఫైల్‌లో ఉన్నాయి" అని ఏపీకే (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) గానీ జిప్ గానీ పంపితే తెరవకండి, ఉత్త లింకు నొక్కినా మీ ఐపీ అడ్రస్ (మీ నెట్ కనెక్షన్ నంబర్) తెలుసుకునే ట్రిక్కులు ఉన్నాయి, దాంతో ఊరి దాకా అంచనా వేస్తారు. "నీ అకౌంట్ నేను నడుపుతా, పాస్‌వర్డ్ ఇవ్వు, సగం సగం" అనే మేనేజర్లకి ఒక దండం పెట్టి బ్లాక్ చేయండి. డబ్బు ముందు, ఫొటో తర్వాత, ఈ వరస ఎవరి కోసమూ మార్చకండి, "సగం ఇప్పుడు సగం చూశాక" అనేవాడు ఆ రెండో సగం ఇస్తాడని నాకైతే నమ్మకం లేదు.

చాటింగ్‌లో మర్యాదగానే ఉండండి గానీ సొంత కబుర్లు వద్దు. "ఇక్కడ వాన పడుతోంది", "ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చా", "రేపు మా చెల్లి పెళ్ళి", ఒక్కొక్కటి చూస్తే ఏమీ లేదు, మూడు నెలల చాట్ పైకి స్క్రోల్ చేసి చదివితే మీ ఊరు, డ్యూటీ టైమ్, కుటుంబం అన్నీ ఉంటాయి. వాయిస్ నోట్లు, వీడియో కాల్స్ వద్దు, గొంతు తెలిసినవాళ్ళు గుర్తుపడతారు. నిజంగా మంచి కస్టమర్లు కూడా ఉంటారు, వాళ్ళకి ఇవన్నీ అక్కర్లేదు, అడిగింది ఇస్తే కొని వెళ్ళిపోతారు.

అడిగేవి మెల్లిగా పెరుగుతాయి, అది గమనించుకోండి. మొదట పాదాలు, తర్వాత మోకాళ్ళ దాకా, తర్వాత ముఖం ఒక్కసారి, తర్వాత ఇంకేదో, రేటు కూడా పెంచుతూ పోతాడు. మీ హద్దు ఏంటో ఖాళీగా ఉన్నప్పుడు కాగితం మీద రాసుకోండి, డబ్బు ఎదురుగా ఊపుతున్నప్పుడు నిర్ణయించుకోవద్దు. ముఖం ఎప్పుడూ వద్దు, ఒక్క ముఖం ఫొటో దొరికితే దాన్ని ఏఐ టూల్స్‌తో ఏ బొమ్మకైనా అతికిస్తారు.

ఒకవేళ "మీవాళ్ళందరికీ పంపిస్తా, డబ్బు ఇవ్వు" అని బెదిరిస్తే? డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇచ్చారంటే ఇచ్చే మనిషి అని తెలిసిపోతుంది, మళ్ళీ అడుగుతాడు. బతిమాలకండి, వాదించకండి. ముందు చాట్, యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, వాడిచ్చిన పేమెంట్ వివరాలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసుకుని తర్వాతే బ్లాక్ చేయండి, చాలామంది భయంలో చాట్ డిలీట్ చేసేస్తారు, రేపు పోలీసులకి చూపించడానికి ఏమీ మిగలదు. సైట్‌లో రిపోర్ట్ కొట్టండి, మీ దగ్గర సైబర్ క్రైమ్ కంప్లైంట్ ఇవ్వండి, నమ్మకమైన ఒక్క మనిషికైనా చెప్పండి, వాడి బలమంతా మీరు ఎవరికీ చెప్పరనే నమ్మకంలోనే ఉంది. నగ్నంగా ఉన్న ఫొటోలు వాడి చేతిలో ఉంటే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సర్వీస్ ఉంది, 2021లో మొదలైంది, మీ ఫొటోని ఎక్కడికీ అప్‌లోడ్ చేయకుండా మీ ఫోన్‌లోనే దానికి ఒక డిజిటల్ గుర్తు తయారుచేసి ఆ గుర్తుని మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టా, టిక్‌టాక్ లాంటి వాటికి ఇస్తుంది, అదే ఫొటో అక్కడ ఎవరైనా పెడితే పట్టుకోవడానికి. మామూలు పాదాల ఫొటోకి అది వర్తించదు, దానికి కాపీరైట్ దారే.

వాడిన సాక్సులు, చెప్పులు కూడా అడుగుతారు కొందరు. అమ్మితే ప్యాకెట్ మీద పంపినవారి అడ్రస్ రాయాల్సి వస్తుంది, పోస్టాఫీసులో అద్దెకి తీసుకునే పోస్ట్ బాక్స్ లాంటిది లేకుండా ఇంటి అడ్రస్‌తో అయితే మానేయండి.

వచ్చిన ప్రతి పేమెంట్ తేదీ, మొత్తం, సైట్ పేరు ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి, ఇదీ ఆదాయమే, ట్యాక్స్ లెక్కలోకి వస్తుంది, బ్యాంకువాళ్ళు అడిగినా చెప్పడానికి ఉంటుంది. ఎప్పుడైనా మానేద్దాం అనిపిస్తే నేరుగా అకౌంట్ డిలీట్ కొట్టకండి. మొదట బ్యాలెన్స్ మొత్తం విత్‌డ్రా చేసుకోండి, పేమెంట్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసుకోండి, సబ్‌స్క్రిప్షన్ ఆటో రెన్యూవల్ ఆపండి, తర్వాత ఫొటోలు ఒక్కొక్కటీ తీసేసి అప్పుడు అకౌంట్ మూసేయండి. ఆ ఈమెయిల్ మాత్రం వెంటనే మూయకండి, డిస్ప్యూట్ ఏదైనా వస్తే మెయిల్ అక్కడికే వస్తుంది, కనీసం ఆరు నెలలు తెరిచి ఉంచండి.